ముందు చాప

“ఆ మాట నాది. నానన్నాను ఆ మాట. నీకెవులిచ్చినారు?” అంది మా అమ్మ.

“మాటకి పట్టా ఉంతాదేటే? నువ్వన్నావు, గాల్లోకెల్లిపోనాది. నాను పట్టుకున్నాను,” అన్నాడు మా అయ్య.

“గాల్లోకెల్లనేదు. నా గుంట సెవులోకెల్లింది. అది నాకూ దానికీ మద్దెన.”

“అది నా గుంట కూడానే.”

“నీ గుంటయితే ఆ దినం ఏటి సేత్తన్నావు? ఎవుడి ఈదిలో నీలు తోడతన్నావు?”

“డూటీ అది. సరదాకి దిగినానేటి?”

“నాటకం కూడా డూటీయేనా? కోక కట్టుకుని, నెత్తిన సవరమెట్టుకుని, ఊరందరి ముందరా నా ఏడుపు నువ్వేడుత్తావా? ఏడుపే కావలిస్తే నీది నువ్వేడు.”

“నాది రాదే,” అన్నాడు అయ్య. నోట్లో ఉన్న తాటిబెల్లం ముక్కను ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి తోసి, గోడవైపు చూస్తూ మళ్ళీ అన్నాడు. “ఎంత తీసినా రాదు. అందుకే నీది తీసుకున్నాను.”

వాళ్ళిద్దరి మధ్యా గోడవార కూర్చుని నేను రేషన్ బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. తల ఎత్తలేదు. అమ్మ ఆ మాట అన్న రోజున అయ్య ఇంట్లో లేడు. ఆ గదిలో ఉన్నది అమ్మ, నేను, నాలుగేళ్ళ మా చెల్లి చిట్టి, ముగ్గురమే. చిట్టి చెవిలో అమ్మ అన్న మాటను అయ్యకు మోసుకెళ్ళి చెప్పింది నేను. అమ్మకు అది తెలియదో, తెలిసే నన్ను అడగలేదో, ఈనాటికీ నాకు తేలలేదు.

మొన్నొక ఆదివారం నా మనవరాలు మౌ చేసిన పనివల్ల ఇదంతా మళ్ళీ కదిలింది. మౌ సాల్ట్ లేక్‌లో, సెక్టర్ ఫైవ్ ఆఫీసులో పని చేస్తుంది. ఆ రోజు మంచం మీద కూర్చుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటోంది. ఉద్యోగం పోయిందేమోనని దగ్గరికి వెళ్ళాను. ఫోను నా వైపు తిప్పింది. పెద్ద స్టేజీ, దాని ముందు గొయ్యిలాంటి చోట కూర్చుని వాయించేవాళ్ళు యాభై మంది, పైన తెల్ల గౌనులో ఒకావిడ. పడిపోతోంది, లేస్తోంది, పాడుతోంది. “చచ్చిపోతోంది మామ్మా. దీన్ని ఒపేరా అంటారు. ఇటలీ భాష, నాకొక్క ముక్క తెలీదు, అయినా కాన్నా ఆగట్లేదు,” అంది. కాన్నా అంటే బెంగాలీలో ఏడుపు. మా పిల్లలకు తెలుగులో అన్నం తినడం వచ్చు గాని ఏడవడం రాదు. “ఎంతసేపటి నుంచి చచ్చిపోతోంది?” అని అడిగాను. “ఇరవై నిమిషాలు.” “అంత ఊపిరున్న మనిషి చచ్చిపోదు. కట్టెయ్, కరెంటు దండగ,” అన్నాను. అన్నానే గాని, నిలబడి చివరిదాకా నేనూ చూశాను. ఆవిడ చచ్చిపోయింది. తెర పడింది. మళ్ళీ తెర ముందుకు వచ్చి, నవ్వుతూ వంగి దణ్ణం పెట్టింది. ఎవరో పూలు విసిరారు. మౌ ముక్కు చీదుకుని, “ఆకలేస్తోంది మామ్మా, ఏముంది?” అంది. అలా ఏడిచాక వేసే ఆకలి నాకు తెలుసు. మా లైన్లో ఏడాదికొక పూట అందరికీ ఒక్కసారే వేసేది.

లైన్లంటే భవానీపూర్ వెనక మునిసిపాలిటీవాళ్ళ క్వార్టర్లు. ఎదురెదురుగా రెండు వరసలు, మధ్య సందు, సందు చివర ఒక్క కుళాయి. అందరివీ శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్ళే. మగవాళ్ళు డ్రైనేజీ గ్యాంగులో, ఆడవాళ్ళు వీధులూడ్చే పనిలో. గోడల నిండా ఎర్రరంగుతో కొడవలీ సుత్తీ వేసి ఉండేవి. ఏడాదికేడాది ఆ రంగు మీదే కొత్త రంగు వేసేవారు గాని లోపలి సున్నం ఎవరూ వెయ్యలేదు. సాయంత్రమైతే కరెంటు పోయేది. కిరసనాయిలు పొగ, ఎండుచేపల వాసన, పక్క సందులోని బెంగాలీ ఇళ్ళ నుంచి ఆవనూనె ఘాటు, వాటన్నిటి కింద ఎప్పుడూ ఫినాయిలు. మా అయ్య పని నుంచి వచ్చి కుళాయి దగ్గరే మూడుసార్లు ఒళ్ళు రుద్దుకునేవాడు. రెండుసార్లు ఎర్ర కార్బాలిక్ సబ్బు, మూడోసారి వట్టి ఇటుక పొడి. సబ్బు అరగకుండా ఇటుక పొడి వాడడం అమ్మ పెట్టిన నియమం. ఇప్పటికీ గిన్నెలకు నేను అదే వాడతాను, కోడలు నవ్వినా సరే. స్నానమయ్యాక అయ్య అల్లం ముక్క, మిరియాలు, తాటిబెల్లం నోట్లో వేసుకుని, గొంతుకు పాత మఫ్లరు చుట్టుకుని కూర్చునేవాడు. మే నెల ఎండలో కూడా ఆ మఫ్లరు తీసేవాడు కాదు. చల్లటి నీళ్ళు ముట్టేవాడు కాదు. ఒళ్ళంతా మురికినీళ్ళకు అప్పజెప్పి, ఆ నాలుగు వేళ్ళ మేర గొంతును మాత్రం తనకోసం దాచుకున్నాడు.

ఎందుకంటే మా అయ్య రాణి. మా లైన్లో ఏటా ఆడే పద్యనాటకంలో రాణి వేషం ఆయనది. దేశం నుంచి, అంటే మా ఊళ్ళ వైపు నుంచి, ఆడ నటిని రైలు ఖర్చులిచ్చి పిలిపించే తాహతు మా సంఘానికి లేదు. అయ్య మనిషి సన్నం, మెడ పొడవు, గొంతు పైస్థాయిలో తీగలా సాగేది. నాటకానికి ఇంకేదో పేరున్నా అందరూ రాణి నాటకమనే అనేవారు. కథ చిన్నదే. రాజు యుద్ధానికి వెళ్తాడు, ఒక్కగానొక్క కొడుకు కోట కందకంలో పడి పోతాడు, రాణి వాడిని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంది. రాజు గెలిచి వచ్చేసరికి రాణికి మతి ఉండదు. దీనికి రెండున్నర గంటలు, అందులో ఆ ఏడుపొక్కటే అరగంట. అయ్యకు సాధన చెయ్యడానికి ఇంట్లో చోటు లేదు. పనిలో దిగినప్పుడు భూమి కింద ఇటుకల పాత సొరంగాల్లో రాగం తీసేవాడు. అక్కడ గొంతు గుండ్రంగా తిరిగి వస్తుందట. పైన వీధిలో పోయే బాబులు ఆగి, మూత తీసిన గోతిలోకి వంగి చూసి, “నీచే కే కాంద్‌ఛే?” అని అడిగేవారు, కింద ఏడుస్తున్నదెవరని. అయ్య నడుముకు కట్టిన తాడు పైన పట్టుకున్నవాడు బీడీ తీయకుండానే, “మా రాణీగారు. కొడుకు పోయాడు బాబూ, రోజూ పోతాడు,” అనేవాడు. ఆ కథ చెప్పి లైనంతా నవ్వేది. అమ్మ కూడా నవ్వేది, ముందు రోజుల్లో.

అయ్యకు చదువు రాదు. నాకు నాలుగో తరగతి దాకా వచ్చు. నాటకం చేతిరాత నోటుబుక్కు మా ఇంట్లోనే ఉండేది. నేను ఒక్కో పాదం చదివితే ఆయన దాన్ని నోట్లో నానబెట్టి, రాగంలో పెట్టి తిరిగి ఇచ్చేవాడు. నాటకం రోజున పక్క తెర వెనక నిలబడి మాట అందించేది కూడా నేనే. ఆడపిల్ల స్టేజీ ఎక్కకూడదు గాని తెర వెనక ఉంటే తప్పు లేదన్నారు. హార్మోనియం అప్పలరాజు మాస్టారిది. ఆయన మునిసిపల్ బడిలో తెలుగు చెప్పేవారు, తప్పు పలికితే రాణినైనా రాజునైనా పెట్టె మీద కొట్టి ఆపేసేవారు.

మా లైన్లో ఇంకో కట్టుబాటు ఉండేది. ఆ ఏడాది ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళను స్టేజీ ఎదుట విడిగా ఒక చాప వేసి కూర్చోబెట్టేవారు. ముందు చాప అనేవాళ్ళం. రాణి ఏడుపు పద్యం అవగానే మాస్టారు హార్మోనియం మీద ఒక్క స్వరం నొక్కి పట్టుకుని ఆగుతారు. అప్పుడు వన్స్‌మోర్ అనే మొదటి హక్కు ముందు చాపది. వాళ్ళు అడిగినన్ని సార్లు రాణి మళ్ళీ పాడాలి. వాళ్ళు చాలన్నాకనే మిగతా జనం అడగాలి. ఏడాది పొడుగునా ఏడవడానికి మావాళ్ళకు తీరికుండేది కాదు. తెల్లారితే చీపురో తాడో పట్టుకోవాలి. మనిషి పోయిన మూడో రోజుకే పనిలోకి పోయేవారు. దాచుకున్నదంతా ఆ చాప మీద తెచ్చి పోసేవారు. భర్త పోయాక నోరు విప్పని మనిషి ఆ చాప మీద గుండెలు బాదుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్ళి కూర రుచి బాగా లేదని కోడల్ని తిట్టడం నేను చూశాను. రాణి కొడుకు కోసం ఏడుస్తున్నామని అందరూ అనుకునేవారు. ఎవరి కొడుకు కోసం వాళ్ళే ఏడ్చేవారు.

చిట్టి పోయింది శ్రావణంలో. నాలుగు రోజులు వాన వదల్లేదు. మా సందులో నీళ్ళు నడుముదాకా వచ్చాయి. కుళాయి నీళ్ళలో మురికినీళ్ళు కలిశాయి. చిట్టికి రాత్రి మొదలైన వాంతులు పొద్దునకు ఆగలేదు. ఆ నీళ్ళలో రిక్షా దొరకలేదు. మగవాళ్ళంతా డ్యూటీలో ఉన్నారు, ఎందుకంటే నగరం మునిగితే డ్రైనేజీ గ్యాంగుకు సెలవుండదు. అయ్య రెండు రోజులుగా ఇంటికి రాలేదు. పెద్ద ఇళ్ళవాళ్ళ వీధుల్లో నడుములోతు నీళ్ళలో నిలబడి, కాలితో వెతికి, మూతలు ఎత్తి నీళ్ళు దింపుతున్నాడు. కాస్త నీరు తీయగానే చిట్టిని ఆసుపత్రికి మోసుకెళ్దామని అమ్మ మంచం మీద దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దానికున్న ఒక్క మంచి గౌను బల్ల మీదికెక్కించిన పొయ్యి పైన దండెం కట్టి ఆరేసింది. మధ్యాహ్నం కాకముందే చిట్టి అయిపోయింది. అమ్మ అరవలేదు. వంగి దాని చెవి దగ్గర నోరు పెట్టి, “నీ గౌను ఆరనేదే అమ్మా. ఏటి తొడిగి పంపను?” అంది. అంతే. ఆ తడి గౌనే తొడిగింది. పక్కింటి పైడమ్మ పెద్దమ్మ ఇద్దరు ముసలివాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి మట్టి చేయించింది. మర్నాడు మధ్యాహ్నం అయ్య వచ్చేసరికి గదిలో చాప కడిగి నిలబెట్టి ఉంది. అయ్య ఆ చాప వైపు చూసి, బయటికి వెళ్ళి, ఒళ్ళు మూడుసార్లు రుద్దుకుని వచ్చి అన్నం తిన్నాడు. ఆయనా ఏడవలేదు.

ఆ తర్వాత అమ్మ మాటలు తగ్గించింది. పనిలోకి పోయేది, వండేది, పడుకునేది. రేషన్ షాపువాడు తూకం తప్పు వేసినా ఊరుకునేది, అప్పుడు నాకు భయం వేసింది. కుళాయి దగ్గర పైడమ్మ పెద్దమ్మ నాతో అంది: “మీ అమ్మ ఏడవాలే గుంటా. ఏడవకపోతే లోపల గడ్డకట్టీసి మనిషి దక్కదు. నాటకానికి తీసుకురా. ముందు సాప మీద కూకోబెడదాం.” ఆ మాట నాకు మందు చీటీలా అనిపించింది. రాణి నాటకం చూస్తే అమ్మ ఏడుస్తుంది, ఏడిస్తే బాగుపడుతుంది. నాకు పదిహేడేళ్ళు, నాకున్న ఆశ అదొక్కటే. ఆ ఆశతోనే, పద్యాలు చదివి వినిపిస్తున్న ఒక సాయంత్రం, అమ్మ చిట్టి చెవిలో అన్న మాట అయ్యకు చెప్పాను. అయ్య “మళ్ళీ సెప్పు,” అన్నాడు. చెప్పాను. పాఠం అడిగినట్టు నా చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు.

ఆ వారం రిహార్సల్లో పద్యం పూర్తయ్యాక, పుస్తకంలో లేని మాట ఒకటి రాణి నోట వచ్చింది. “నీ పట్టంగీ ఆరనేదే నాయనా. ఏటి తొడిగి పంపను?” మాస్టారు హార్మోనియం పెట్టె మీద కొట్టి ఆపారు. “ఏవిట్రా అది? రాణిగారి కొడుకు అంగీ ఆరకపోవడమేవిటి? ఆరేసేందుకు కోటలో నౌకర్లు లేరూ?” అన్నారు. “నేరు మాస్టారూ,” అన్నాడు అయ్య. “ఆ ఏళకి ఎవులూ నేరు.” మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, సరే ఉంచుకో అన్నారు. చూడవచ్చిన ఆడవాళ్ళు కుళాయి దగ్గర ఆ మాట చెప్పుకుని చెప్పుకుని కళ్ళొత్తుకున్నారు. ఆ కుళాయి దగ్గరే అమ్మ చెవిన పడింది. ఆ పూట జరిగిందే నేను మొదట రాసిన తగువు.

తగువైన రెండు రోజులకు పైడమ్మ పెద్దమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. “వత్తావేటే నాటకానికి? నీకు ముందు సాప ఎయ్యాల.” అమ్మ రాదనుకున్నాను. “వత్తాను. నా మాట ఎలాగంతాడో సూత్తాను,” అంది.

సాయంత్రాలు కరెంటును నమ్మలేక మా నాటకాలు పగలే ఆడేవాళ్ళం. ఆ ఏడు ఒక బంద్ రోజు దొరికింది. ట్రాములు లేవు, బస్సులు లేవు, షట్టర్లన్నీ దించి ఉన్నాయి, రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. నది అవతల షాలిమార్ రైలు యార్డు దగ్గర ఉండే తెలుగువాళ్ళు పిల్లాపాపలతో వంతెన మీదుగా నడిచి వచ్చారు. డ్రమ్ముల మీద పలకలు వేసి స్టేజీ, పైన టార్పాలిన్. అయ్య మొహానికి వేషాల పసుపు రంగు, అర్దళం, రాసుకుని, కనుబొమలు దిద్దుకుని, సవరం పెట్టుకుని కూర్చున్నాడు. అద్దంలో ఆయనను చూస్తే ఆ రోజు నాకు నవ్వు రాలేదు. అమ్మ పోలికలున్నాయి. ముందు చాప మీద ముగ్గురు. ఈ మధ్యే పెళ్ళాం పోయిన గంగులు తాత, మొగుడు పోయిన ఒకావిడ, మా అమ్మ. తెరకు ఒక చోట చిరుగుంది, అందులోంచి నాకు అమ్మ మొహం ఒక్కటే కనబడుతోంది.

రాజకుమారుడంటే పట్టుగుడ్డ చుట్టిన తలగడ. అయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని పద్యం ఎత్తుకున్నాడు.

పాలు కాచి యుంచి పక్కపై కూర్చుంటి
లేవ వేమి తండ్రి, లేవ వేమి

ఆ రెండో పాదాన్ని ఆయన పైకి తీసుకుపోయి అక్కడే వదిలేసేవాడు. కిందికి దించేవాడు కాదు. ‘లేవవేమి’ అన్నది ప్రశ్న కదా, జవాబు వచ్చేదాకా ఆగినట్టు ఆగేవాడు. ఆ ఆగిన చోట జనం పగిలిపోయేవారు. ఆ రోజూ అంతే. పట్టంగీ మాట వచ్చేసరికి పైడమ్మ పెద్దమ్మ గుండెలు బాదుకుంది. షాలిమార్ నుంచి వచ్చిన మగవాళ్ళు తువ్వాళ్ళు మొహాన కప్పుకున్నారు. తెర వెనక నాకే అక్షరాలు కనబడలేదు. కళ్ళు తుడుచుకుని చిరుగులోంచి చూశాను. అమ్మ మొహం పొడిగా ఉంది.

మాస్టారు స్వరం పట్టుకుని ఆగారు. గంగులు తాత తలూపాడు, ఆయనకు చాలింది. రెండో ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని చాలన్నట్టు చెయ్యి ఊపింది. అమ్మ అంది, “ఒన్సుమోరు.” కూరలవాణ్ణి మళ్ళీ తూచమన్నట్టు అంది. అయ్య మళ్ళీ పాడాడు. మళ్ళీ అందరూ ఏడ్చారు. స్వరం ఆగింది. “ఒన్సుమోరు,” అంది అమ్మ.

మూడోసారి అయ్య జనం వైపు చూడలేదు. అమ్మను చూస్తూ ఎత్తుకున్నాడు. నా వేలు పుస్తకంలో ‘తండ్రి’ అన్న మాట మీదుంది. ఆయన ‘చిట్టి’ అన్నాడు. లేవ వేమి చిట్టి, లేవ వేమి. ఎవరో దాని కోసమే చోటు వదిలిపెట్టినట్టు ఆ పేరు పద్యంలో అమిరింది. తర్వాత పట్టంగీ అనలేదు. “నీ గౌను ఆరనేదే అమ్మా,” అన్నాడు. జనానికి మొదట తెలియలేదు, తర్వాత మా లైన్‌వాళ్ళకు తెలిసింది, ఏడుపు ఒక్కసారి ఆగిపోయింది. అయ్య చెంపల మీద అర్దళం చారలు కట్టింది. ఆయన ఏడుపు ఆయనకు వచ్చింది. ఇంక అమ్మది కూడా వస్తుంది, ఈసారి వస్తుంది అనుకుని చిరుగుకు కన్ను ఆనించాను.

“ఒన్సుమోరు,” అంది అమ్మ.

మాస్టారు హార్మోనియం మీంచి చేతులు తీసేశారు. పైడమ్మ పెద్దమ్మ వంగి అమ్మ భుజం పట్టుకుంది. “సాలే తల్లీ. గొంతు తెగిపోతాది ఆయనకి.”

“నాకు ముందు సాప ఏసినారా నేదా?” అంది అమ్మ.

హార్మోనియం లేకుండానే అయ్య నాలుగోసారి ఎత్తుకున్నాడు. పాలు కాచి యుంచి దాకా వచ్చింది. పక్కపై అన్న చోట గొంతు చీలింది, ఆ తర్వాత గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన ఆపలేదు. పెదవులు కదుపుతూ, చెయ్యి తిప్పుతూ, పైకి తీసుకుపోవలసిన చోట మెడ నరాలు పొంగిస్తూ, శబ్దం లేని పద్యం చివరిదాకా పాడి తలగడ మీద వాలిపోయాడు. ఎవరూ ఏడవలేదు. చూడకూడనిది చూసినట్టు అందరూ తలలు దించుకున్నారు. అమ్మ లేచింది. మిగతా ఇద్దరూ లేచి పక్కకు జరిగితే, చాప చుట్టి చంకన పెట్టుకుని ఇంటి వైపు నడిచింది. ఆ ఏడు రాజు యుద్ధం నుంచి తిరిగి రాలేదు. నాటకం అక్కడే ఆగిపోయింది.

నేను పుస్తకం పట్టుకుని అమ్మ వెనకే పరుగెత్తాను. అప్పటికే పొయ్యి దగ్గర కూర్చుని బొగ్గు విరుస్తోంది.

“ఎందుకేడవనేదే అమ్మా?” అన్నాను.

“ఆయనేడిసినాడు కదే. ఇద్దరం కూకుని ఏడిత్తే పొయ్యెవులు ఎలిగిత్తారు?”

కాసేపు విసనకర్రతో పొయ్యి విసిరింది. తర్వాత నా వైపు తిరక్కుండానే అంది. “నాలుగుసార్లు అడిగినాడు లేవమని. సూసినావా? ఒక్కసారీ లెగనేదు.”

అప్పటిదాకా నాకు తోచలేదు, అమ్మ ఏడవడానికి రాలేదని. లైనంతా ఆ పద్యంలో ఏడుపు విన్నారు, అమ్మ అందులో పిలుపు విన్నది. అంత గొప్పగా, అంత పైకెత్తి, ఊరందరూ సాక్షిగా పిలిస్తే పిల్ల పలుకుతుందేమోనని ఎక్కడో అనుకుంది. పలకకపోతే ఇంకోసారి పిలవమంది. పాట మనిషికి ఏం చేస్తుందని మౌ నన్ను అడిగితే నాకు తెలిసిన జవాబు ఇదొక్కటే, అది దానికి చెప్పలేదు. మౌ ఫోనులోని ఆవిడ చచ్చిపోయి లేచి దణ్ణం పెట్టింది గనుక చూసినవాళ్ళకు హాయిగా ఆకలేసింది. మా లైన్లో కూడా అంతే, రాణి లేచి మొహం కడుక్కుని మా అయ్యగా మారిపోయేవాడు గనుక అందరూ నిశ్చింతగా ఏడ్చేవారు. లేవనివాళ్ళ లెక్కలోకి ఆ పాటలు రావు. అమ్మ ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికింది. ఎవరు పోయినా ఏడవలేదు. అయ్య పోయినప్పుడూ ఏడవలేదు. ఆ సంఘం లేదు, ఆ లైన్లు పగలగొట్టి వేరే మేడలు కట్టారు, గోడల మీది ఎర్రరంగు కూడా పోయింది. ఇప్పుడు ఎవరి ఏడుపు వాళ్ళు చెవుల్లో వైర్లు పెట్టుకుని ఏడుస్తున్నారు. అది మేలేమో. అందులో అడిగేవాళ్ళుండరు, నొక్కితే ఆగిపోతుంది. పెద్దమ్మ చెప్పిన మందు నేను నమ్మకపోతే, ఆ మాట మోసుకెళ్ళకపోతే, అమ్మ బాగుపడేదని కూడా చెప్పలేను. ఎలాగూ బాగుపడేది కాదు. అయ్య గొంతైనా మిగిలేది.

మర్నాడు బంద్ లేదు. పొద్దున్నే కిరసనాయిలు క్యూలో డబ్బా పెట్టి నిలబడ్డాను. ఎదురుగానే గ్యాంగువాళ్ళ హాజరు తీసే గది. అయ్య అందరితో పాటు వరసలో ఉన్నాడు, మఫ్లరు చుట్టుకుని, చెవి దగ్గర ఇంకా కొంచెం పసుపు రంగు అంటుకుని ఉంది. హాజరు గుమస్తా బాబు పుస్తకంలోంచి తలెత్తకుండా పేర్లు పిలుస్తున్నాడు. అయ్య పేరు పిలిచాడు. అయ్య నోరు తెరిచాడు. బాబు మళ్ళీ పిలిచాడు. అయ్య చెయ్యి ఎత్తాడు. మూడోసారి పిలిచి, ఒక గీత గీసి, తర్వాతి పేరుకు పోయాడు.